పుట్టింటి చీర పెట్టిన డెట్రాయిట్ అక్కయ్య

మొన్న ఆదివారం మా అమ్మాయి అరిజోనాలోని చాండ్లర్ నుంచి ఫోన్ చేసింది. మా అల్లుడు అక్కడి చిప్పుల ఫ్యాక్టరీలో ఇంజనీరు. ఇద్దరూ కలిసి సొంత ఇల్లు కొనుక్కున్నారు, వచ్చే నెలలో గృహప్రవేశం, ఏమేం కావాలో చెప్పమంది. ఈ దేశంలోనే పెరిగిన పిల్ల కనుక దాని తెలుగు ముద్దుగానే ఉంటుంది గానీ మాటల చివర్లు కాస్త అరిగిపోయి వస్తాయి, నేనూ దిద్దడం ఎప్పుడో మానేశాను. పసుపు, కుంకుమ, గుమ్మడికాయ, పాలు పొంగించడానికి కొత్త గిన్నె అని వరసగా చెప్పుకొచ్చి, పుట్టింటి బట్టలు మేం తెస్తాములే అన్నాను. ఆ పుట్టింటి బట్టల సంగతి దానికి తెలియదు. ఆడపిల్ల కొత్త ఇంట్లో పాలు పొంగించే రోజున పుట్టింటివాళ్ళు వచ్చి, దంపతుల్ని పీటల మీద కూర్చోబెట్టి, చీరా చొక్కా పెట్టి దీవించాలని విడమరిచి చెప్పాను. అంతా విని, "మరి మన హౌస్‌కి నీకు ఎవరు ఇచ్చారు అమ్మా? అమ్మమ్మ వాళ్ళు అందరూ ఇండియాలో ఉన్నారు కదా?" అంది.

ఒక అక్కయ్య పెట్టిందమ్మా అని మాట మార్చేశాను. కానీ మనసు మారితేగా. ఆ రోజంతా నా వంట చేతిలో ఉందే తప్ప బుద్ధిలో లేదు, చారులో ఉప్పు రెండుసార్లు పడిందని మా వారు కూడా అన్నారు. నా ఈడువాళ్ళు, నాలాగే చలికోటు కింద చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని మంచులో నడిచినవాళ్ళు, ఈ సంగతి వింటే అర్థం చేసుకుంటారన్న ఆశతో రాస్తున్నాను.

మేం డెట్రాయిట్‌కి ఉత్తరాన, ట్రాయ్‌కి ఆనుకుని ఉన్న ఒక ఊళ్ళో స్థిరపడ్డాం. ఊరి పేరు చెప్పను. చెబితే ఆ ఇల్లెవరిదని సగంమంది నాకే ఫోన్ చేస్తారు. రెండువేల ఒకటి మొదట్లో నాకు ఉద్యోగం వచ్చింది. కార్ల సీట్ల కింద ఉండే ఇనప చట్రాలకు కంప్యూటర్ మీద బొమ్మలు గీసే పని. మనం కూర్చునే మెత్తటి సీటు కింద ఎంత ఇనుముంటుందో ఆ ఉద్యోగంలో చేరేదాకా నాకూ తెలియదు. నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడే నేను చెప్పబోయే అక్కయ్య. నాకంటే పదేళ్ళకు పైగా పెద్దది, డెట్రాయిట్‌లో పుట్టి పెరిగిన నల్లజాతి మనిషి. మీ భాషలో పెద్దదాన్ని పేరు పెట్టి పిలుస్తారా అని చేరిన వారంలోనే అడిగింది. పిలవం, అక్కా అంటాం అన్నాను. అయితే నన్ను అలాగే పిలువు అంది, చెల్లెలిని ఏమంటారో కూడా అడిగి తెలుసుకుంది. అప్పటినుంచి ఆఫీసులో నేను "చెల్లి"ని. ఆవిడ నోట్లో ఆ "ల్ల" ఎంతసేపు నిలబడేదంటే, పిలుపు పూర్తయ్యేలోపు నేను సగం దూరం వెళ్ళిపోయేదాన్ని.

నాకు అప్పటికి లైసెన్సు ఉందిగానీ మంచులో డ్రైవ్ చేయడమంటే ప్రాణం మీదికి వచ్చేది. మా వారు నేర్పబోతే అది డ్రైవింగు కాక దెబ్బలాట అయ్యేది. మొగుడి దగ్గర కారు నేర్చుకోకూడదన్న సత్యం ఏ శాస్త్రంలో రాయకపోయినా రాసినట్టే లెక్క. అక్కయ్య తమ చర్చి వెనక ఖాళీ పార్కింగులో, తాజాగా మంచు పడిన మధ్యాహ్నాలు నన్ను కూర్చోబెట్టి నేర్పింది. జారినప్పుడు బ్రేకు తొక్కి బిగుసుకుపోకు, కారు ఎటు జారుతుంటే చక్రం అటే తిప్పు అనేది. భయపడ్డ మనిషి చేసే మొదటి పని ఎప్పుడూ తప్పే అవుతుందని కూడా అనేది. అది కార్ల గురించి మాత్రమే అన్న మాట అనుకున్నాను.

మధ్యాహ్నం ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తినేవాళ్ళం. ఆవిడ తెచ్చే ఆకుకూర, పులుపు లేని గోంగూరలా ఉండేది. నా ఆవకాయ ముక్క ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ తిని మళ్ళీ చెయ్యి చాపేది. అలాంటి ఒక మధ్యాహ్నమే వాళ్ళ నాన్నగారి సంగతి చెప్పింది. ఆయన అలబామా నుంచి వచ్చి కార్ల ఫ్యాక్టరీలో చేరి, వెల్డింగు చేసి చేసి బాగానే నిలదొక్కుకున్నాడట. ఇల్లు కొనే శక్తి ఉంది. కానీ డెట్రాయిట్‌కి సరిహద్దైన ఎనిమిదో మైలు రోడ్డు దాటి, తెల్లవాళ్ళుండే ఉత్తరానికి వస్తే ఇల్లు చూపించేవాడు లేడు. అప్పుడే అమ్ముడుపోయిందనేవారట, పేపరులో ప్రకటన ఆ తరవాత నెలరోజులు పడుతూనే ఉండేదట. బ్యాంకువాళ్ళు మ్యాపు మీద ఆయన ఉండే పేటలకు అప్పు ఇచ్చేది లేదని గీత గీసి కూర్చున్నారు. అయినా ఆదివారాలు చర్చి అయ్యాక పిల్లల్ని కారెక్కించుకుని మా ఊరి వైపే వచ్చేవాడట, దిగకుండా వీధులన్నీ తిప్పి, ఆ కిటికీ చూడండి, ఈ చెట్టు చూడండి అని చూపించి వెనక్కి తీసుకుపోయేవాడట. ఆవిడ ఇది నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం అన్నం సహించలేదు.

ఆ ఏడు సెప్టెంబరు వచ్చింది, న్యూయార్క్‌లో జంట టవర్లు కూలాయి. దాని గురించి మీకు చెప్పక్కర్లేదు. జరిగిన ఘోరానికి ఏడ్చినవాళ్ళమే మళ్ళీ మర్నాటినుంచి భయపడ్డాం. మావాళ్ళంతా కార్లకు అమెరికా జెండాలు కట్టారు. బొట్టు పెట్టుకుని బయటకు వెళ్ళొద్దని కొందరు, కాదు, ఇంకా పెద్ద బొట్టు పెట్టుకుంటే మనం ఆ మతంవాళ్ళం కాదని తెలుస్తుందని కొందరు, తలా ఒక వంటా తెచ్చుకునే పాట్‌లక్ భోజనాల దగ్గర గంటల తరబడి వాదించుకున్నారు. మేం వాళ్ళం కాదు, మేం వేరు అని చెప్పుకోవడమే అందరి ఆరాటమూ. అలా చెప్పుకోవడంలో, వాళ్ళయితే మీరు ఏం చేసినా పరవాలేదు అన్న అర్థం ఉందని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఒక శనివారం కూరగాయల దుకాణంలో ఒకతను నా మొహం మీదకు వంగి, మీ దేశానికి పొమ్మని అరిచాడు. చేతిలోని టమాటాలు అక్కడే పెట్టేసి ఇంటికొచ్చి తలుపేసుకున్నాను.

ఆ సంగతి అక్కయ్యకు చెప్పాను. తరవాతి శనివారం మా అపార్ట్‌మెంటు కింద హారన్ కొట్టింది. చలికాలం వచ్చేదాకా ప్రతి శనివారమూ నాతో దుకాణానికి వచ్చి, బండి తనే తోస్తూ, ఒక్కో కాయనూ తీరిగ్గా నొక్కి చూస్తూ, ఎవరైనా నా వైపు గుచ్చి చూస్తే తిరిగి గుడ్ మార్నింగ్ చెబుతూ నడిచింది. నా పుట్టింటివాళ్ళు దగ్గరుంటే అంతకంటే ఎక్కువ చేసేవారని నేను అనుకోను.

అదే కార్తీకంలో మేం ఇల్లు కొన్నాం. ఏ వైపు స్కూళ్ళు మంచివో, ఏ రోడ్డు దాటకూడదో ఇళ్ళ ఏజెంటు వేలితో చూపిస్తుంటే బుద్ధిగా తల ఊపి, మంచి స్కూలని మురిసిపోయి కొన్న ఇల్లు. మా వారి పెదనాన్నగారు, నాకు పెదమామగారు, మా గుంపుకంతటికీ పెద్ద దిక్కు. డెబ్బైలలోనే గుంటూరు నుంచి వచ్చి డాక్టరుగా స్థిరపడినవారు. ముహూర్తం ఆయనే పెట్టించారు, తెల్లవారకముందు. మంచి ముహూర్తాలన్నీ మనుషులు దుప్పటి ముసుగుతన్ని పడుకునే వేళకే ఎందుకొస్తాయో పంచాంగకర్తలకే తెలియాలి. బూడిదగుమ్మడికాయ ఎక్కడా దొరకలేదు. హాలోవీన్ అయిపోయి దుకాణాలవాళ్ళు పారేయబోతున్న నారింజరంగు గుమ్మడికాయ తెచ్చాం. కాయ మంచిదైతే చాలు, రంగుతో పనేమిటన్నారు పంతులుగారు. ఆ ఔదార్యం మావాళ్ళకు కాయల వరకే ఉండేది.

పుట్టింటి బట్టల దగ్గర మాత్రం చిక్కు వచ్చింది. అమ్మావాళ్ళు తెనాలిలో ఉన్నారు. ఆ రోజుల్లో విమానమెక్కి రమ్మనడానికి నోరు రాలేదు. ఒక మధ్యాహ్నం మాటల్లో ఆ దిగులు అక్కయ్యతో అన్నాను. ఆవిడ చెంచా కింద పెట్టి, అక్క పెట్టకూడదా అని అడిగింది. పెట్టవచ్చు అన్నాను. అంతే. ఇండియన్ బట్టల దుకాణానికి తనే వెళ్ళి, దుకాణం ఆమెను కూర్చోబెట్టి అడిగి, చిలకపచ్చ పట్టుచీర, మా వారికి చొక్కా కొనుక్కొచ్చింది. "మా నాన్న కారు దిగకుండా చూసిన వీధి, చెల్లీ. నేను చెప్పులు విడిచి లోపలికి వెళతాను. ఆయన ఉంటే ఎంత సంబరపడేవాడో" అంది. ఆ పూట నేనూ ఆవిడా ఇద్దరం కళ్ళు తుడుచుకున్నాం, ఆవకాయ లేకుండానే.

గృహప్రవేశం రోజు నేనే ఆవిడకు చీర కట్టి బొట్టు పెట్టాను. మావాళ్ళు ఓ ఇరవైమంది వచ్చారు. మగవాళ్ళు పట్టుపంచెల మీద చలికోట్లు, ఆడవాళ్ళు పట్టుచీరల కింద ఉన్ని మేజోళ్ళు. బయట ఇంకా చీకటి. గుమ్మడికాయ పైన చెక్కు తీసి, నిండా కుంకుమ పోసి, కర్పూరం వెలిగించి, మా వారి స్నేహితుడొకాయన వాకిట్లో తిప్పి సిమెంటు మీద వేసి కొట్టాడు. అది పగిలి ఎర్రగా చింది కార్లు నిలిపే చోటంతా పరుచుకుంది. కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళాం. పాలు పొంగి స్టవ్ మీద పడేసరికి పొగ అలారం కూయడం మొదలుపెట్టింది. పెద్ద పెద్ద ఇంజనీర్లంతా దాని కింద చేరి తువ్వాళ్ళు విసురుతుంటే, అక్కయ్య పొట్ట పట్టుకుని నవ్వింది. ఆవిడ మా ఇంట్లో అంత హాయిగా నవ్వడం అదే మొదలు. తరవాత లేదు.

అప్పటికి కిటికీలకు తెరలు లేవు. బయట ఎర్రా నీలం దీపాలు తిరగడం కనిపించింది. అందరం మళ్ళీ వాకిట్లోకి వచ్చాం. ఇద్దరు పోలీసులు, ఒకాయన నడివయసువాడు, ఒకతను కుర్రాడు. ఇక్కడేదో జరుగుతోందని ఎవరో ఫోన్ చేశారని పెద్దాయన మర్యాదగానే చెప్పాడు. మా వారు గుమ్మడికాయ సంగతి చెప్పారు. పెదమామగారు ముందుకొచ్చి తన డాక్టరు ఇంగ్లీషులో దృష్టిదోషం గురించి వివరించారు. హాలోవీన్ వెళ్ళిపోయిందనుకున్నానే అని ఆ పోలీసాయన కొంచెం నవ్వాడు కూడా. వెళ్ళబోతూ, ఇక్కడున్నవాళ్ళంతా మీవాళ్ళేనా అని అడిగాడు. అవును, అందరూ మావాళ్ళే అన్నారు మా వారు. ఈలోపు ఆ కుర్ర పోలీసు మా అందరి మధ్యనుంచి నడిచి వెళ్ళి అక్కయ్య ముందు ఆగాడు.

లైసెన్సు అడిగాడు. నీ కారు ఏది, ఎక్కడుంటావు, వీళ్ళు నీకెలా తెలుసు అని అడిగాడు. ఆవిడ చేతిలో చీరా చొక్కా పెట్టిన పళ్ళెం ఉంది. దాన్ని మెల్లగా నా చేతిలో పెట్టి, తన రెండు చేతులూ కనిపించేలా ఉంచి, పర్సు కారులో ఉంది, తీయడానికి నడుస్తున్నానని ముందే చెప్పి, చెప్పులు లేని కాళ్ళతో ఆ చల్లటి సిమెంటు మీద నడిచింది. ఆ పని ఆవిడకు కొత్త కాదని నడకలోనే తెలిసింది. ఆవిడ మా అక్క అని నేను వెనకే వెళ్ళి చెప్పాను. అతను నన్నూ ఆవిడనూ మార్చి మార్చి చూసి, దయచేసి మీరు అక్కడే ఉండండి అన్నాడు. టార్చి వేసి లైసెన్సు చూశాడు, కారు లోపల చూశాడు, తిరిగిచ్చి శుభాకాంక్షలు చెప్పి వెళ్ళిపోయాడు. చెయ్యి చేసుకోలేదు, గొంతు పెంచలేదు. ఫిర్యాదు చేద్దామన్నా ఏమని చేయాలో తెలియనంత మర్యాదగా జరిగిపోయింది.

అక్కయ్య లోపలికి వచ్చి, పంతులుగారు చెప్పినట్టే మమ్మల్ని పీటల మీద కూర్చోబెట్టి బట్టలు పెట్టింది. నా నెత్తిన చెయ్యి వేసి తన పద్ధతిలో ఒక ప్రార్థన చేసింది. అక్షింతలు వేసింది. భోజనానికి మాత్రం ఉండలేదు. చర్చిలో పని ఉందంది. పులిహోర డబ్బాలో పెట్టుకుని కారు దాకా పరిగెత్తాను. తీసుకుని, చీర బాగుందా చెల్లీ అని అడిగి వెళ్ళిపోయింది.

ఆ కారు మలుపు తిరిగిందో లేదో, వంటింట్లో పెదమామగారు గొంతు సవరించుకున్నారు. "చూడమ్మా, తప్పుగా అనుకోకు. మంచిమనిషే అయ్యుండొచ్చు. కానీ ఈ దేశంలో మనం ఎవరి పక్కన నిలబడితే మనల్ని వాళ్ళతో కలిపి చూస్తారు. ఆవిడ కారు ఈ వీధిలో ఆగి ఉండటం చూసే ఎవరో కాల్ చేసి ఉంటారు" అన్నారు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునన్నారు. ఒకాయన అయితే మనం ముందే ఆలోచించుకోవాల్సింది అని కూడా అన్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. పెద్దంతరం చిన్నంతరం లేకుండా, మీరు ఈవేళ నా పుట్టింటివాళ్ళను అవమానించారు అని ఆయన మొహం మీదే అనేశాను. గృహప్రవేశం నాడు కోడలు నోరు చేసుకుందని ఆ మాట మా చుట్టాల్లో చాలా ఏళ్ళు తిరిగింది. తిరగనీ అనుకున్నాను. ఆ ఒక్క విషయంలో నన్ను చూసి నేను గర్వపడేదాన్ని.

రెండు రోజులకు ఎదురింటి ముసలావిడ తను వండిన యాపిల్ పై పట్టుకుని వచ్చింది. ఒంటరి మనిషి. ఫోన్ చేసింది తనేనని చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. చీకట్లో తెల్లబట్టల మగవాళ్ళు, మంట, ఏదో గుండ్రటిదాన్ని పగలగొట్టడం, నేలంతా ఎరుపు, అసలే రోజులు బాగాలేవు, తలకాయ అనుకుని భయపడ్డానంది. కార్ల ఊసే ఎత్తలేదు. ఆవిడను భయపెట్టింది మేమే, మా గుమ్మడికాయే. ఆ తరవాత ఆవిడ మాకు మంచి స్నేహితురాలైంది. మాకు క్షమాపణ చెప్పింది గానీ చెప్పాల్సిన మనిషి వేరే ఉందని ఆవిడకు తెలియదు, తెలియజేయడానికి నాకూ నోరు రాలేదు. పెదమామగారికి మాత్రం వెంటనే ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ మర్యాదకి అలా అని ఉంటుందిలే అమ్మా అన్నారాయన.

ఆఫీసులో అక్కయ్య మామూలుగానే ఉంది. ఎదురెదురుగా కూర్చుని తినడం, నవ్వుకోవడం అన్నీ అలాగే సాగాయి. మా ఇంటికి మాత్రం మళ్ళీ రాలేదు. అమ్మాయి పుట్టినరోజుకు పిలిస్తే బహుమతి ఆఫీసుకు తెచ్చింది. వరలక్ష్మీవ్రతానికి పిలిస్తే మోకాలి నొప్పి అంది. దీపావళికి మనవలు వస్తున్నారంది. ప్రతిసారీ నమ్మదగిన కారణమే చెప్పేది. నేను వాళ్ళింటికి వెళ్ళేదాన్ని. వాళ్ళింట్లో నన్ను ఎవరూ ఎవరు నువ్వని అడగలేదు. పోలీసులు చేసిన గాయం అని నాకు నేనే సమాధానం చెప్పుకుని, ఎనిమిదో మైలు రోడ్డునూ, బ్యాంకుల గీతల్నీ, తెల్లవాళ్ళ అహంకారాన్నీ తిట్టుకునేదాన్ని. తిట్టుకోవడానికి అవన్నీ నిజంగా ఉన్నవే కనుక, ఇంకెక్కడా వెతకాల్సిన అవసరం కలగలేదు.

రెండువేల పద్నాలుగులో ఆవిడ రిటైరై, జార్జియా రాష్ట్రంలో ఉన్న చెల్లెలి దగ్గరకు వెళ్ళిపోతూ నన్ను భోజనానికి తీసుకెళ్ళింది. ఆ రోజుల్లోనే టీవీలో నల్లజాతివాళ్ళ మీద పోలీసుల కాల్పులు, వాటి మీద ఊరేగింపులు ఎడతెరిపి లేకుండా చూపిస్తున్నారు. నేను ఆవేశంగా ఏదో అంటూ, ఆ కుర్ర పోలీసు వల్లే కదా అక్కా నువ్వు మా ఇంటికి రావడం మానేశావు అన్నాను. ఆవిడ చాలాసేపు కాఫీ కలిపింది.

"పోలీసులు నాకు కొత్తా చెల్లీ? వాళ్ళకోసం నేను ఎక్కడికీ వెళ్ళడం మానలేదు" అంది. "ఆ పెద్దాయన, అంతా మీవాళ్ళేనా అని అడిగాడు చూడు. మీ ఆయన అవునని చెప్పేలోపే మీవాళ్ళంతా నా వైపు తిరిగారు. మాట ఎవరూ అనలేదు. ఆ కుర్రాడు నన్ను వెతుక్కోలేదు, మీవాళ్ళ కళ్ళు ఎటుపోయాయో అటు నడిచొచ్చాడు."

అంతలోనే నా చెయ్యి తట్టి, కాఫీ చల్లారిపోతోంది తాగు అంది.

అంతవరకు నా కథలో అన్యాయం చేసినవాళ్ళు బయటివాళ్ళు, మాలో ఒక పెద్దాయన. అది కాదని తెలిశాక నిద్రపట్టలేదు. మా వారిని అడిగితే నాకు గుర్తులేదన్నారు. పెదమామగారిని అడగడానికి మాత్రం ఏళ్ళు పట్టింది, ఆయన అప్పటికే ఇల్లినాయిలో, అరోరాలో కొడుకు దగ్గరకు వెళ్ళిపోయారు. మనిషి బాగా తగ్గిపోయారు గానీ జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. ఈ ఏడు వేసవిలో చూడటానికి వెళ్ళినప్పుడు, పెరట్లో ఎండకు కూర్చున్నవారిని అక్కయ్య మాట చెప్పి అడిగాను. దెబ్బలాటకే వచ్చాననుకున్నారేమో, కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

"ఆవిడ చెప్పింది నిజమేనమ్మా. నేను చూశాను" అన్నారు. ఆ తరవాత ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పారు. వచ్చిన కొత్తలో, ఆసుపత్రిలో ఒక నర్సు ఉంగరం కనబడలేదట. ఎవరైనా చూశారా అని పెద్ద డాక్టరు అడిగితే గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారిగా ఈయన వైపు తిరిగారట. ఉంగరం సాయంత్రానికి చేతులు కడిగే చోట దొరికింది. ఎవరూ ఏమీ అనలేదు కనుక ఎవరూ క్షమాపణా చెప్పలేదు. "అంత బాధ తెలిసినవారు మీరు కూడా ఎలా చూశారు పెదమామగారూ?" అని అడిగాను.

"బాధ తెలిస్తే జాలి పుడుతుందంటారు. నాకు భయం పుట్టిందమ్మా. ఆ చూపు నా మీదనుంచి జరిగి ఇంకెవరి మీదన్నా పడితే చాలు బాబూ అనిపించేది. ఆ రోజు పోలీసులు అడగ్గానే అదే అనిపించింది." నా వైపు చూడకుండానే ఇంకో మాట అన్నారు. "నువ్వూ చూశావమ్మా. నేను నీ పక్కనే నిలబడి ఉన్నాను."

కోపంతో అన్నమాట కాదది. ఓదార్పుగా, మనందరం ఒకటే అన్నట్టుగా అన్నారు. నాకు ఎన్నిసార్లు ఆ వాకిట్లోకి మళ్ళీ వెళ్ళి నిలబడినా, నా కళ్ళు ఆ క్షణాన ఎటున్నాయో గుర్తు రాదు. ఆవిడ వెనక పరిగెత్తడం గుర్తుంది, మా అక్క అనడం గుర్తుంది, వంటింట్లో అరవడం ప్రతి మాటా గుర్తుంది. దానికి ముందరి ఆ ఒక్క రెప్పపాటూ లేదు. ఆయనకు అబద్ధం చెప్పాల్సిన అవసరమూ లేదు. ఈ రోగం ఈ దేశంలో పుట్టిందని అనుకునేదాన్ని. నిజానికి మేం విమానం దిగేనాటికే మా నేల దున్ని ఉంది. మా తెనాలి ఇంట్లో ఎవరు పెరటి దారిన రావాలో, ఎవరికి మంచినీళ్ళు ఎత్తి పోయాలో చెప్పకుండానే తెలిసిపోయేది. బిడ్డ పుడితే ఆడా మగా అన్న తరవాతి ప్రశ్న రంగు గురించే. ఇక్కడి విత్తనం పడగానే మొలవడానికి ఇంకేం కావాలి? దానికి తోడు భయం నీళ్ళు పోసింది. సిగ్గుతో చచ్చిపోతున్నాను అంటే పెద్దమాటే గానీ, అంతకంటే చిన్నమాట నాకు దొరకడం లేదు.

ఇప్పుడు మా కాలనీలో సగం ఇళ్ళు మనవాళ్ళవే. పట్టపగలు బాజాలు పెట్టుకుని గృహప్రవేశాలు చేసుకుంటారు, తెల్లవాళ్ళు వచ్చి ఫోటోలు తీసుకుంటారు. దీపావళికి ఊరి పోలీసులు వచ్చి మైసూరుపాకు తిని వెళతారు. ఎవరి బొట్టు ఎంత ఉండాలని ఎవరూ వాదించుకోరు. మా వీధిలో ఇప్పుడు ఒక నల్లజాతి కుటుంబం కూడా ఉంది. ఎవరికీ ఏ గొడవా లేదు, ఎవరూ వాళ్ళను పూజలకు పిలిచిందీ లేదు. ఎంత మారిందో చూస్తే సంతోషంగానే ఉంటుంది. ఆ సంతోషం ఎక్కువసేపు నిలవదు, అంతే.

అక్కయ్య ఆ రోజు కాఫీ దగ్గర "మీవాళ్ళంతా" అంది. "నువ్వు" అనలేదు. నన్ను ఆ మాటలోంచి తప్పించిందో, అందులోనే కలిపి నా మొహం చూసి ఊరుకుందో నాకు తెలియదు. కలిపే అని ఉంటే, ఆవిడ అది తెలిసే పదమూడేళ్ళపాటు నా ఎదురుగా కూర్చుని అన్నం తింది. నెలకోసారి జార్జియాకు ఫోన్ చేస్తాను, ఈసారి అడిగేద్దాం అనుకునే చేస్తాను. ఆవిడ "చెల్లీ" అనగానే, అక్కడ ఎండలు ఎలా ఉన్నాయని అడిగి, మోకాలి నొప్పి కనుక్కుని పెట్టేస్తాను.